కడవరి దినముల చలి

గడచిన వేసవి సెలవులకు ముందు బైబిలు తరగతిలో మత్తయి సువార్త 24వ అధ్యాయము చెప్పుచుండగా, తొమ్మిదవ తరగతి బాలిక యొకతె లేచి యిట్లడిగినది: "కడవరి దినములలో విశ్వాసుల ప్రేమ చల్లబడునని ప్రభువు ముందుగనే చెప్పెను గదా. ఆయన చెప్పినది జరిగితీరును గదా. అట్లయిన, చల్లబడినందుకు మనలను తప్పుపట్టుట యెట్లు న్యాయము?" తరగతిలో కొందరు నవ్విరి. మాకు నవ్వు రాలేదు. ఇంతలో గంట మ్రోగినది. ఉపాధ్యాయులకు గంట యెంత మేలు చేయునో విద్యార్థు లెరుగరు.

ఈ సంచికకు వ్యాస మొకటి వ్రాయుమని సంపాదకులు కోరినప్పుడు, ఆ బాలికకు బదులు వ్రాయుదమని కూర్చుంటిమి. పెద్దల గ్రంథములు కొన్ని తిరుగవేసితిమి. అట్లు వెదకుచుండగా మా సొంత తప్పిద మొకటి మా కెదురైనది. దానిని దాచి వ్రాయుటకంటె ఈ వ్యాసము వ్రాయకుండుటయే మేలు గనుక, అదియు చెప్పెదము.

కడవరి దినములలో సంఘము దిగజారుటను గూర్చి క్రైస్తవు లందరు నొక్క తీరున తలంపలేదు. 1793లో వంగదేశమునకు వచ్చిన విలియం కేరీ మొదలుకొని ఆ కాలపు మిషనరీలలో ననేకులు, సువార్త క్రమక్రమముగా లోకమంతట వ్యాపించి జనములను మార్చునని నమ్మిరి. ఆ నమ్మకమే వారిని ఓడ యెక్కించినది. పందొమ్మిదవ శతాబ్దముననే జాన్ నెల్సన్ డార్బీ మొదలగువారు దీనికి మారుగా బోధించిరి. ఈ యుగాంతమున సంఘమను పేరు గలది భ్రష్టమగుననియు, నిజమైన విశ్వాసులు కొలదిమందియే మిగులుదురనియు, ప్రభువు వారిని తనయొద్దకు తీసికొనిపోవుననియు వారి బోధ. ప్రకటన గ్రంథములోని యేడు సంఘములు ఏడు యుగములకు గుర్తులనియు, మన యుగము నులివెచ్చనైన లవొదికయ యుగమనియు వీరిలో ననేకులు చెప్పుదురు. 1909లో అచ్చయిన స్కోఫీల్డు వ్యాఖ్యాన బైబిలు ఈ తలంపును దేశదేశములకు కొనిపోయినది. మన తెలుగు సీమలో కూటములకు పోవు అలవాటు గలవారు దీనిని చూపు పటములను చూచియే యుందురు: ఒకవైపు యుగములు, నడుమ బాణపు గుర్తులు, చివర అగ్నిగుండము. మేమును అట్టి పటము నొకదానిని గీచినవారమే.

ఇక అగస్టీను (354–430) నాటినుండి వచ్చుచున్న తలంపు మరియొకటి కలదు. గోధుమలును గురుగులును కోతవరకు ఒకే చేనిలో పెరుగును. చలి యేదో యొక్క యుగమునకు చెందినది గాదు, ప్రతి తరమునందును సంఘములో వేడియు చలియు కలసియే యుండును. మా మనస్సు దీనివైపే మొగ్గుచున్నది. అయినను, భక్తి వేషము మిగిలి లోపలి సత్తువ పోవు దినములు వచ్చునని పౌలు తిమోతికి వ్రాసిన హెచ్చరికను పలుచన చేయుటకు మాకు ధైర్యము చాలదు.

ఆ యేడు సంఘములలో అందరు లవొదికయను గూర్చి మాటలాడుదురు. మాకు భయము పుట్టించునది ఎఫెసు. అది తప్పుబోధలో పడిన సంఘము గాదు. అబద్ధ బోధకులను పరీక్షించి పట్టుకొనినది; కష్టపడినది; ఓర్చుకొనినది. ఇన్ని మంచి మాటలు చెప్పిన పిమ్మట, ఆదిలో నున్న ప్రేమను వదలుకొంటివని దానికి గద్దింపు వచ్చినది. తప్పును కనిపెట్టు నేర్పు పెరిగినకొలది ప్రేమయు పెరుగునను నియమము లేదు. ఒక్కొక్కప్పుడు ఆ నేర్పే, ప్రేమ పోయి వెలితియైన చోటును పైకి కనబడనీయదు.

మన ఒంగోలు సీమ చరిత్రనే చూడుడు. 1840లో శామ్యూల్ డే దొరగారు నెల్లూరున స్థాపించిన అమెరికను బాప్తిస్టు తెలుగు మిషను చాలకాలము ఫలము చూపలేదు. 1853లో ఆల్బనీ పట్టణమున కూడిన సభలో దానిని మూసివేయుదమా యని చర్చ జరిగినది. పటములో ఒంటిగా నున్న ఆ స్థానమునకు "ఒంటరి నక్షత్రము" అను పేరు అప్పుడే పడినది. కొలది నెలలకు, 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున, జ్యూయెట్ దొరగారు, దొరసానిగారు, ముగ్గురు స్వదేశ విశ్వాసులు, వెరసి అయిదుగురు ఒంగోలు కొండ యెక్కి ఆ సీమకొరకు ప్రార్థించిరి. అది నేటికిని మనకు ప్రార్థన కొండయే. లెక్కలు చూచినవారి కన్నులకు ఆ మిషను చచ్చినదానితో సమానము. కొండమీది ఆ అయిదుగురిని ఏ పటములో ఏ యుగమున చేర్చవలెనో మాకు తెలియదు.

1866లో క్లౌ దొరగారు ఒంగోలు చేరిరి. ఆ యేడే బాప్తిస్మము పొందిన యెర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారము చేయు మాదిగ కులస్థుడు. తన వారి పల్లెలు తిరిగి తాను కనుగొన్న ప్రభువును గూర్చి చాటినాడు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘ మేర్పడినప్పుడు సభ్యులు 8 మంది. చేరగోరువారికి నియమములు మూడు: ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువు మాంసము తినరాదు, విగ్రహములను కొలువరాదు. చదువుటకు చిన్నవిగా కనబడును గాని, పెత్తందారు పిలిచిన వేళ ఆదివారమని పనికి పోకుండుట ఆనాటి మాదిగకు ఎంత కష్టమో ఊహింపుడు.

పిమ్మట 1876 మొదలుకొని ధాత కరవు వచ్చినది. క్లౌ దొరగారు అమెరికాలో నుండగా భూమి కొలతల పని చేసినవారు. బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును గుత్తకు తీసికొని, ఆకలిగొన్నవారికి కూలి కల్పించిరి. బోధకులు మేస్త్రీలై పని చేయించి, పని ఆగిన వేళ కూలీలకు ఓదార్పు మాటలు చెప్పెడివారు. బాప్తిస్మ మిమ్మని యడిగినవారికి లెక్కలేదు. దొరగారు పదునైదు నెలలు ఒక్కరికిని ఇయ్యనిచ్చినవారు గారు. అన్నముకొరకు వచ్చిరన్న మాట రాకూడదని వారి తలంపు. తుదకు కరవు సొమ్ము పంచుట ఆగిపోయినది. ఇక నిచ్చుటకు మాయొద్ద నేమియు లేదని చెప్పినను జనము కదలలేదు. కూలి చేసికొని తింటిమి, సొమ్ము మాకు వలదు, సంఘములో చేర్చుకొనుడని పట్టుబట్టిరి. 1878 జూలై 2, 3, 4 తేదీలలో వెల్లంపల్లియొద్ద గుండ్లకమ్మ నదిలో 3,536 మంది బాప్తిస్మము పొందిరి. నడిమి దినమున 2,222 మంది. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులు మార్చుకొనుచు నీటిలో నిలిచిరి. క్లౌ దొరగారు తాము ఒక్కరికిని ఇయ్యలేదు.

వీరు బియ్యముకొరకు చేరిన క్రైస్తవులని అనుమానించినవారు అప్పుడును కలరు. 1853లో కొలదిమంది యని దిగులు. 1878లో అధికమంది యని అనుమానము. లెక్క చూచి సంఘపు వేడిమి నెరుగుట యెంత కష్టమో దీనివలన తెలియును. నాడి వేరొకచోట పట్టి చూడవలెను.

మా నాయనమ్మ ఆ పల్లెల స్త్రీయే. ఎసటిలో బియ్యము పోయుటకు ముందు పిడికెడు తీసి, మూలనున్న చిన్న కుండలో వేసెడిది. ఆదివారమున ఆ కుండ గుడికి పోయెడిది. దానితో బోధకుని యింట పొయ్యి వెలిగెడిది. చేటలో బియ్యము చాలని దినమునను ఆమె పిడికెడు తీయుట మానలేదు. తన కంచములో తగ్గించుకొనెడిది. ఇప్పుడు మన గుడులు పెద్దవైనవి, ధ్వనియంత్రములు వచ్చినవి, రంగుదీపములు వచ్చినవి. సంఘపు ఆస్తులకొరకు విశ్వాసులు విశ్వాసులమీదనే న్యాయస్థానములకు పోవుటయు వింత గాకున్నది. వీనిని కడవరి గుర్తులని వేలెత్తి చూపుట సుళువు. మేము చాలకాలము చూపితిమి.

ఒంగోలునుండి తూర్పుగా సుమారు 17 కిలోమీటర్లు, నడుమ బకింగ్‌హాం కాలువను దాటిపోయినచో కొత్తపట్నము. 1937 వేసవిలో అచట నడుపబూనిన రాజకీయ పాఠశాలను ప్రభుత్వము నిషేధించుటచే ఆ యూరి పేరు చరిత్ర కెక్కినది. మాకును అది పాఠశాలయే, వేరొక విధమున. ఉపాధ్యాయ శిక్షణ ముగించి మేము పనిలో చేరిన మొదటి యేడు, 2004 డిసెంబరు 26వ తేదీ ఆదివారమున, సునామీ మన తీరమును తాకినది. తరువాతి వారములలో కొత్తపట్నపు ప్రార్థన గృహము నిండి, జనము వెలుపల ఇసుకమీద కూర్చుండిరి. లోకాంతము వచ్చినదని అందరి నోటను ఇదే మాట. అట్టి వేళ మమ్ము బోధకు పిలిచిరి. పటమును చుట్టి చంకన బెట్టుకొని పోయి మూడు రాత్రులు బోధించితిమి. మేము యువకులము, పటము మంచి రంగులతో గీచినది, జనము కదలక మెదలక వినిరి. ఆ నిశ్శబ్దము మాకు రుచించినదని యొప్పుకొనవలెను.

మూడవ రాత్రి కూటము ముగిసిన పిమ్మట, మా తరగతిలో చదువు బాలుడొకడు తల్లితో కూడ వచ్చి నిలిచెను. తండ్రికి పడవయు వలయు పోయినవి. బాలుడు బడి మాని సరుగుడు తోటలలో కూలికి పోవలసి వచ్చినది. "ప్రతి ఆదివారము మధ్యాహ్నము మీ యింటికి వచ్చి పాఠములు చెప్పెదము; పరీక్షకు కూర్చుండబెట్టెదము" అని సంఘమంతయు వినుచుండగా మాట యిచ్చితిమి. ఒక్క ఆదివారము పోతిమి. మరుసటి వారము వేరొక యూరినుండి పటము తీసికొని రమ్మని పిలుపు వచ్చినది. ఆ పై వారమును అట్లే. పిలుపులు పెరిగినవి. ప్రేమ చల్లబడుటను గూర్చి ఆ యేడు పదునాలుగు ఊళ్లలో బోధించితిమి. బాలుడు మరల బడికి రాలేదు. హాజరు పట్టీలో వాని పేరు కొట్టివేసినది మేమే.

ఈ వేసవి సెలవులలో అచ్చటి సంఘపు పెద్దలు ఒక ఆదివారము వాక్యము చెప్పుటకు మమ్ము మరల పిలిచిరి. పటము తీసికొనిపోలేదు. బాలిక ప్రశ్న మనస్సున నుండుటచే ఎఫెసును గూర్చి చెప్పితిమి. ఆరాధన ముగియగా, ముప్పదియైదేండ్ల మనిషి యొకడు చిన్న మట్టికుండ తెచ్చి, అందలి బియ్యమును బల్లయొద్దనున్న గంపలో కుమ్మరించి, మావైపు తిరిగి, "అయ్యవారూ, గుర్తుపట్టలేదా?" అనెను. కన్నులనుబట్టి గుర్తుపట్టితిమి. మేమేదో చెప్పబోతిమి గాని అతడే అందుకొనెను. గొంతులో కోపము లేదు.

"మా అమ్మ మూడు ఆదివారాలు చాప పరిచింది అయ్యవారూ. నాలుగో వారం చుట్టి మూల పెట్టింది. అయ్యవారికి ఏదో పని తగిలి ఉంటుందిలే అంది."

ఆమె యెచట నున్నదని యడిగితిమి.

"పోయి ఆరేళ్లయింది. ఈ కుండ ఆమెదే. ఇప్పుడు మా ఆడమనిషి వేస్తుంది."

బాలిక ప్రశ్నకు బదులు అప్పుడు తోచినది. చల్లబడువారు అనేకులని ప్రభువు చెప్పెను గాని, ఆ యనేకులు ఎవరో పేర్లు చెప్పలేదు. ఆ పట్టీలో ఖాళీ విడువబడినది. 2005వ సంవత్సరపు మొదటి నెలలలో, ఎవరును బలవంతపెట్టకుండగనే, మా పేరును మేమే అందులో వ్రాసికొంటిమి. పటము చంకన నుండగనే వ్రాసికొంటిమి. ఆ దినములలో అక్షరము రాని ఆ తల్లి, కొడుకు చదువు పోయినను పిడికెడు మానలేదు. ఆమె పేరు ఆ పట్టీలో లేదు.

పిల్లలు ఏమి చదువుచున్నారని అతని నడిగితిమి. "ఒక్కతే కూతురు అయ్యవారూ. ఏడో తరగతికి వస్తుంది. లెక్కలే రావు" అనెను. అంతకుమించి యేమియు నడుగలేదు. వచ్చే ఆదివారము వచ్చెదమని చెప్పబోయి నోరు మూసికొంటిమి. మరల మాట యిచ్చుటకు సిగ్గయినది. పెద్దలు భోజనమునకు పిలుచుచున్నను, చెప్పులు తొడుగుకొని అతని వెంట నడచితిమి.

ఆ యింట చాప పరచిరి. బాలిక పుస్తకము తెచ్చి దూరముగా కూర్చున్నది. భిన్నముల కూడికలతో మొదలు పెట్టితిమి. ఇది వ్రాయునాటికి దశాంశములకు వచ్చితిమి.