గొట్టాల్లో జొన్నచేను

సంక్రాంతి వెళ్లిన వారానికి పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌కు వెళ్లాను. నేను చూడాలనుకున్నది పొలాన్ని కాదు, గుంతలో వరసగా నిలబెట్టిన గొట్టాలను. బోరుకు దించే కేసింగ్ పైపుల్లాంటి పీవీసీ గొట్టాలు. 2 మీటర్ల పొడవు, 25 సెంటీమీటర్ల వెడల్పు, నిండా మట్టి, పైన జొన్న మొక్క. కంకులు పాలు పోసుకుంటున్నాయి.

నన్ను తిప్పి చూపించిన అమ్మాయి వ్యవసాయ విశ్వవిద్యాలయంలో క్రాప్ ఫిజియాలజీ ఎమ్మెస్సీ చేస్తోంది. థీసిస్ పని ఇక్కడ.

“ఇదేనా అమ్మా నీ క్లాసురూము?”

“క్లాసులెప్పుడో అయిపోయాయి సార్. ఇప్పుడన్నీ తూకాలే.”

నిజంగా తూకాలే. వారానికోసారి కప్పీ గొలుసుతో గొట్టాన్ని పైకి లేపుతారు. మధ్యలో వేలాడే కాటా అంకె చూపిస్తుంది. నేల నుంచి తేమ ఆవిరైపోకుండా మట్టి మీద ప్లాస్టిక్ పూసలు పరిచారు. కాబట్టి తగ్గిన బరువంతా ఆకుల్లోంచి పోయిన నీరే. కిలో తగ్గితే లీటరు తాగినట్టు. మిర్చి యార్డులో బస్తా తూచినట్టే మొక్క దాహాన్నీ తూచడం నాకు భలే నచ్చింది.

బెట్టను తట్టుకోవాలంటే వేరు లోతుకు పోవాలని నేను చిన్నప్పటి నుంచీ వింటున్నదే. అదే అన్నాను.

“ఎంత లోతు అన్నదొక్కటే కాదు సార్, ఎప్పుడు తాగిందన్నది.”

యాసంగి జొన్న నల్లరేగడిలో మిగిలిన పదును మీదే పండాలి. మొదట్లోనే గటగటా తాగేస్తే గింజ కట్టే వేళకు నేల ఖాళీ. శాస్త్రవేత్త విన్సెంట్ వాడెజ్ బృందం ఇక్కడ ఏళ్ల తరబడి తూచి గమనించింది ఇదే: గింజ నిండేటప్పుడు అందే కాసిని నీళ్లకు విలువెక్కువ. మధ్యాహ్నం గాలి బాగా పొడిబారగానే కొన్ని రకాలు పత్రరంధ్రాలను కొంత బిగించి నీళ్లు మిగుల్చుకుంటాయి. మంచినీళ్ల కుండ దగ్గర మా నాయనమ్మ కాపలా గుర్తొచ్చింది.

ఆ బిగింపు వెనకున్న జన్యువుల సంగతి ఒక శాఖది, గాలి పొడితనం మరొకరిది, అంకెల లెక్క ఇంకొకరిది. అందుకే ఎమ్మెస్సీలోని 70 క్రెడిట్లలో సొంత సబ్జెక్టుకు 20 పోగా, వేరే శాఖల కోర్సులైన మైనర్‌కు 8, సపోర్టింగ్‌కు 6 ఉంటాయి. థీసిస్‌కు 30. సలహా కమిటీలోనూ వేరే శాఖలవాళ్లుంటారు.

“జెనెటిక్స్ సార్ రకాలు పెంచమంటారు. స్టాటిస్టిక్స్ మేడమ్ రెప్లికేషన్లు పెంచమంటారు. గొట్టాలు మాత్రం పెరగవు కదా సార్!”

అవతల లీజీస్కాన్ ఉంది. మొక్కల మీదుగా స్కానర్లు కదులుతూ ఆకుల విస్తీర్ణం కొలుస్తాయి. గొప్ప యంత్రమే, కానీ నా మనసు కప్పీ దగ్గరే ఉండిపోయింది.

తిరిగొచ్చేసరికి మరో గొట్టం గాల్లో ఊగుతోంది. కింది ఆకులన్నీ ఎండిపోయాయి. వారంలో తగ్గింది 200 గ్రాములే.

“ఇది ముందే తాగేసింది సార్.”

గింజ గట్టిపడిందో లేదో చూద్దామని కంకి మీద చెయ్యి వేయబోయాను.

“ముట్టుకోకండి సార్, దాన్నీ తూచాలి.”