తుపాకీ దొరికింది, రింగులేవి?

పాత వేట రైఫిళ్లు సేకరించేవాళ్ల మధ్య ఒక పూట కూర్చుని చూడండి. వాళ్లు తుపాకుల గురించి మాట్లాడేది తక్కువ. మాటలన్నీ వాటి నెత్తినుండే స్కోప్ అనే గురి దుర్భిణి చుట్టూ, ఆ స్కోప్‌ను పట్టుకునే రింగుల చుట్టూ, ఆ రింగుల్ని బిగించే మరల చుట్టూ తిరుగుతుంటాయి. అసలు కంటే వడ్డీ ముద్దు అనే సామెతను మనం మనవల కోసం దాచుకున్నాం గానీ, నేనుండే టెక్సస్‌లో ఏ గన్ షోకి వెళ్లినా ఆ సామెతకు కాళ్లొచ్చి బల్లల మధ్య తిరుగుతూ కనిపిస్తుంది.

మీకు తుపాకులంటే గిట్టకపోతే ఫరవాలేదు. ఈ కబురు పేల్చడం గురించి కాదు, జత కుదర్చడం గురించి.

వించెస్టర్ మోడల్ 70నే తీసుకుందాం. 1936లో తయారీ మొదలైంది. 1963 దాకా ఐదు లక్షల 80 వేల పైచిలుకు వచ్చాయి. 1964లో కంపెనీ ఖర్చు తగ్గించుకోవాలని డిజైన్ మార్చింది. అంతకుముందు తూటా మ్యాగజైన్‌లోంచి పైకి లేస్తుండగానే బోల్టుకున్న పొడవాటి పంజా దాని అంచును పట్టేసుకునేది. కొత్తదాంట్లో ఆ పంజా పోయి చిన్న కొక్కెం మిగిలింది. స్టాక్ చెక్క మీద చేత్తో చెక్కే గళ్లు పోయి, అచ్చుతో నొక్కిన గళ్లు వచ్చాయి. వేటగాళ్లు భగ్గుమన్నారు. అప్పట్నించి ‘ప్రీ-64’ అన్నది ఒక కులగోత్రంలా స్థిరపడిపోయింది. కొత్తదీ బాగానే పేలుతుంది లెండి, కానీ ఆ మాట ప్రీ-64 పెట్టిన బల్ల దగ్గర అనకండి.

లక్షల్లో తయారైన వస్తువు కాబట్టి డబ్బుంటే రైఫిల్ దొరుకుతుంది. చిక్కంతా ఆ తరవాతే. మామూలుగా వించెస్టర్ ఈ రైఫిల్‌ను స్కోప్ లేకుండానే అమ్మేది. కొన్నవాడు తనకు నచ్చిన స్కోపు, తన జేబుకు తగిన మౌంటు (రింగులు, వాటి కింది బేసు) వేరే కొనుక్కుని, ఊళ్లో గన్‌స్మిత్‌తో బిగించుకునేవాడు. అంటే ‘ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే’ అనే కొలబద్ద ఇక్కడ పనికిరాదు. 1938 నాటి రైఫిల్ మీద 1938లో ఒక మనిషి ఏం పెట్టుకుని ఉండేవాడు అని మనమే ఊహించుకోవాలి.

ఊహించుకోవడానికి సరుకు బోలెడుంది. డబ్బున్న దొర జర్మనీ నుంచి జైస్ వాళ్లదో హెన్సోల్ట్ వాళ్లదో జీల్‌క్లైన్ అనే స్కోప్ తెప్పించుకునేవాడు. న్యూయార్కులో గ్రిఫిన్ అండ్ హౌ వాళ్ల దగ్గర పక్కనుంచి బిగించే మౌంటు పెట్టించుకునేవాడు. లీవర్ తిప్పితే స్కోప్ ఊడి చేతికొస్తుంది, మళ్లీ పెడితే గురి చెదరదు. మధ్యస్థుడికి లైమన్ వాళ్ల అలాస్కన్ ఉండేది, రెండున్నర రెట్లు చూపించేది. మరి సామాన్యుడికి? వాడి కోసమే బిల్ వీవర్ వచ్చాడు. 1930లో కెంటకీ రాష్ట్రంలో మోడల్ 330 అని ఒక సన్నటి స్కోప్ చేసి, మౌంటుతో కలిపి 19 డాలర్లకు అమ్మాడు. మూడేళ్లకు దుకాణం మా టెక్సస్‌లోని ఎల్ పాసోకి మార్చాడు. స్కోప్ అనేది శ్రీమంతుల షోకు కాకుండా పోయింది ఆయన చలవే. ఆ వేట స్కోపే చిన్న మార్పులతో రెండో ప్రపంచ యుద్ధంలో స్ప్రింగ్‌ఫీల్డ్ 1903ఎ4 స్నైపర్ రైఫిల్ ఎక్కింది. అలాస్కన్ కూడా సైన్యంలో చేరి గారండ్ రైఫిల్ మీద కూర్చుంది. ఇది చరిత్ర మాత్రమే కాదు, మన జేబుకు తగిలే విషయం. సైనిక రైఫిళ్లు సేకరించేవాళ్లూ అదే సరుకు కోసం వేటాడుతుంటారు, ధర వాళ్లూ మనమూ కలిసి పెంచుతాం.

సరే, అలాస్కన్ దొరికిందనుకోండి. ఇంటికి తెచ్చి రింగుల్లో పెడితే లొడలొడ. నేటి స్కోపు గొట్టం చాలావరకు ఒక అంగుళం, లేదా 30 మిల్లీమీటర్లు. అలాస్కన్‌ది అంగుళంలో ఎనిమిదింట ఏడొంతులు. వీవర్ 330ది ముప్పావు అంగుళం. జర్మన్‌వి 22 మిల్లీమీటర్ల నుంచి 26.5 దాకా ఎవరిష్టం వారిది. ఆ కొలతకు పాత రింగులే కావాలి, ఆ రింగులు కూర్చునే పాత బేసు కావాలి, ఆ బేసు ఈ రైఫిల్ రిసీవర్ (బోల్టు ఇమిడే ఉక్కు భాగం) వంపుకు సరిపోవాలి. స్కోప్ కొన్న డబ్బు కంటే రింగులకు ఎక్కువ పెట్టినవాళ్లు నాకు తెలుసు. పాత రింగులు అమ్మేవాడు మీ మొహంలో ఆత్రం కనిపెట్టాడా, ఇక బేరం లేదు.

రంధ్రాల సంగతి ఇంకా సున్నితం. యుద్ధానికి ముందు మోడల్ 70లకు రిసీవర్ ముందు భాగం మీద మరల రంధ్రాలుండేవి, వెనక వంతెన నెత్తిన ఉండేవి కావు. మౌంటు కోసం గన్‌స్మిత్‌లు వెనక రెండు రంధ్రాలు తొలిచేసేవారు. ఆనాడు అది మామూలు పని. ఈనాడు ఆ రెండు రంధ్రాలు రైఫిల్ విలువను ఘోరంగా కోసేస్తాయి. అందుకే శాన్ ఆంటోనియోలో స్టిత్ అనే ఆయన చేసిన మౌంటుకు ఇప్పుడంత గిరాకీ. కొత్తగా ఒక్క రంధ్రమూ తొలవకుండా, ఫ్యాక్టరీ పెట్టిన రంధ్రాల్లోనే ఇమిడిపోయేట్టు చేశాడాయన. తన మౌంటు వల్ల ఎన్ని రైఫిళ్లు కన్నెలుగా మిగిలాయో ఆయనకే తెలిసి ఉండదు. పక్కనే చిన్న చిక్కు: యుద్ధానికి ముందు మోడల్ 70 సేఫ్టీ రెక్క బోల్టు పైనుంచి తిరిగేది, కిందికి బిగించిన స్కోపుకు అడ్డమొచ్చేది. తరవాత దాన్ని పక్కకు తిరిగేట్టు మార్చారు. రైఫిళ్లే స్కోపుల కోసం ఒదిగాయన్నమాట.

స్కోప్ వయసు అద్దంలో తెలుస్తుంది. దీపం కింద పెట్టి వాలుగా చూడండి. తెల్లగా, కిటికీ అద్దంలా మెరిస్తే పూత లేనిది, చాలావరకు యుద్ధానికి ముందుది. నీలంగానో ఊదాగానో మెరిస్తే పూత వేసినది. తరవాత కంటికి ఆనించి లోపలి గురి గీతలు చూడండి. పాతవాటిలో మర తిప్పి గురి సరిచేస్తే గీతలే పక్కకు జరిగి, గుండ్రటి దృశ్యంలో ఒక మూలకు చేరేవి. ఎంత తిప్పినా గీతలు నడిమధ్యే నిలిచే ఏర్పాటు 1950ల రెండో సగంలో వ్యాపించింది. కొన్నిటిలో ఆ గీతలు సాలీడు దారాలు! ఉక్కు గొట్టంలో సాలెపురుగు పోగు. ఎవరైనా ఉత్సాహంతో శుభ్రం చేద్దామని స్కోప్ విప్పారా, అంతే సంగతులు.

పాత స్కోపుల పెద్ద జబ్బు లోపల మంచు పట్టడం. పోర్ట్‌లాండ్‌లో మార్కస్ లూపోల్డ్ అనే ఆయన ఒక జింకను అలా పోగొట్టుకుని, ఇంతకంటే మంచిది నేనే చేయగలనని తిట్టుకుంటూ ఇంటికొచ్చాడని చెప్పుకుంటారు. లూపోల్డ్ కంపెనీ స్కోపులు 1947లో మొదలయ్యాయి. గొట్టంలో గాలి తీసేసి నైట్రోజన్ నింపే పద్ధతి తెచ్చింది కూడా వాళ్లే. కాబట్టి 1938 రైఫిల్ మీద 1938 స్కోప్ పెట్టుకుని చలి తెల్లవారుజామున అడవికెళ్లే శుద్ధ సంప్రదాయవాదికి జింక కనిపించకపోతే అది కూడా ఆ కాలానికి తగినట్టే.

మన దగ్గర ఈ సరదా ఎందుకు లేదంటారా? 1972 వన్యప్రాణి చట్టంతో వేటకు దాదాపు తెరపడింది. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణతో మనిషికి రెండు తుపాకులకు మించి లైసెన్సు లేదు. అయినా మన అడవుల్లో పేరుపడ్డ రైఫిళ్లకు స్కోపులే లేవు. మన బొలారంలో 1910లో పుట్టిన వేటగాడు, రచయిత కెన్నెత్ ఆండర్సన్ చేతిలో ఉండేది .405 వించెస్టర్ 1895. దాని పైభాగం తెరుచుకుని ఖాళీ తూటా పైకే ఎగురుతుంది, అక్కడ స్కోప్ పెట్టే చోటే లేదు. రాత్రిపూట మంచె మీద నరభక్షిణి కోసం కాచుక్కూర్చున్నవాడికి దూరాన్ని దగ్గర చేసే గాజు దేనికి? వెలుతురు కావాలి. ఆయన తుపాకీకి కట్టుకున్నది టార్చిలైటు. అలాంటి రైఫిల్‌కు ‘కాలానికి తగిన సరంజామా’ వెతికే సేకరణకర్త ఆనాటి టార్చి, దాని బిగింపు వెతకాలి. ఎవరైనా వెతుకుతున్నారో లేదో.

ఇక్కడే నాకు మా గన్ షో పెద్దమనుషులతో పేచీ. కేటలాగు ముందుంచుకుని, 1938 రైఫిల్‌కు 1938 స్కోప్, దాని పక్కన 1938 పెట్టె, 1938 తోలు పట్టీ అని అమర్చేస్తారు. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ ఆనాటి వేటగాడు అలా బతికాడా? వాడు 1938లో రైఫిల్ కొని, ముందు ఇనుప గురితోనే వేటాడి, యుద్ధం నుంచి తిరిగొచ్చాక నాలుగు డబ్బులు చేరితే వీవర్ కె4 పెట్టించాడు. భుజం నొప్పెట్టి వెనక ఎర్ర రబ్బరు దిండు వేయించాడు. .270 తూటాను తన రాతలతో ఊరూరా తిప్పిన జాక్ ఓ’కానర్ కూడా మోడల్ 70ని ఉన్నదున్నట్టు వాడలేదు, స్పొకేన్‌లో ఆల్ బీసెన్ చేత కొత్త స్టాక్ చెక్కించుకున్నాడు. ఆ కె4ని, ఆ దిండును ఊడదీసి అలాస్కన్ ఎక్కించి ‘సరైనది’ చేశామంటే, ఒక మనిషి నలభై శీతాకాలాల వేటను చెరిపేసి కేటలాగు బొమ్మను తగిలించినట్టు కాదూ? అమ్మినవాడి దగ్గర్నించి వచ్చిన జత వచ్చినట్టే ఉంచేవాణ్ణి నేను. మార్చాలనిపిస్తే, విప్పిన ప్రతి మరా ఒక పొట్లంలో కట్టి, ఇది ఫలానా రైఫిల్‌దని చీటీ రాసి పెట్టండి. రేపు ఎవరికో అమ్మితే వాడు మీకు దణ్ణం పెడతాడు.

ఇంకొక్క మాట. మొదటిసారి కొనేటప్పుడు తుపాకీ ఖాళీగా ఉందో లేదో మీరే బోల్టు తెరిచి చూసుకోండి, ‘ఖాళీయేనండీ’ అన్న మాట నమ్మకండి. తరవాత చిన్న టార్చి వేసి బేసు చుట్టూ చూడండి. మరల గాట్లు చితికి ఉన్నాయంటే లోపల ఏదో వైద్యం జరిగిందన్నమాట. బేసు విప్పి చూపించమనండి. విప్పడానికి అమ్మేవాడు ఒప్పుకోకపోతే పక్క బల్లకు నడవండి, అక్కడా ఒక ప్రీ-64 ఉంటుంది.