మూడు పరీక్షలు

2024 నవంబరు 11, సోమవారం

పొద్దుగాల ఐదున్నరకే జిమ్ముకు పోయిన. దేవరకొండల చలి మొదలైంది. రాడ్ పట్టుకుంటే అరచేతులు జివ్వుమన్నయి.

అందరు చేతులు తిప్పుకుంట వార్మప్ చేస్తరు. నేను ముందుగాల మూడు పనులు చేస్త. గదుమ వంచి ఛాతీకి ఆనించుడు. మోకాళ్ళు వంచకుంట వంగి కాలివేళ్ళు ముట్టుడు. రెండు చేతులు తల వెనుక పెట్టుకునుడు. చూసెటోళ్ళు ఇదేదో కసరత్తు అనుకుంటరు. చిన్నప్పుడు మా బడికి డాక్టర్లు వచ్చి మమ్మల్ని వరుసగ నిలబెట్టి చేయించిన పరీక్షలు ఇవి. ఫ్లోరైడ్ ఎముకలల్లకు దిగిందా లేదా తెలుసుకునేటందుకు. మర్రిగూడ దిక్కు పుట్టినోళ్ళకు చెప్పాల్సిన పని లేదు.

మూడూ అయినయి ఇయ్యాల కూడ. మా నాయిన ఒక్కటి చేయలేడు.

స్క్వాట్ 40 కిలోలు, మూడు సెట్లు, ఐదేసి.

నవంబరు 14, గురువారం

బెంచ్ ప్రెస్ నాలుగో రెప్పుకే రాడ్ ఛాతీ మీద ఆగిపోయింది. కోచ్ అన్న ఉరికొచ్చి పట్టుకున్నడు. "తమ్మీ, ఊపిరి దిగమింగుతున్నవేంది? పైకి నెట్టేటప్పుడు నోరు తెరిచి వదులు" అన్నడు. సరే అన్న, పెదవులు విప్పకుంటనే.

ఆయనకు చెప్పలేదు గని ఇక్కడ రాసుకుంట. నా ముందుపళ్ళ మీద అడ్డంగ గోధుమరంగు చారలు. అంచులకు సున్నం పూసినట్టు తెల్ల మచ్చలు. పళ్ళు చిగుళ్ళ లోపల తయారయ్యే వయసులనే ఆ ఫ్లోరైడ్ నీళ్ళు పట్టుకుంటయి, మొలిచినంక ఎంత తోమినా పోవు. ఇంటర్ నుంచి నవ్వొస్తే చెయ్యి అడ్డం పెట్టుకునుడు అలవాటైంది. పోయినేడు పెళ్ళిచూపులల్ల పిల్ల మేనమామ ఏదడిగినా పెదవుల సందుల నుంచే జవాబు చెప్పిన. పిలగాడు పొగరుగ ఉన్నడని కబురు పంపిన్రు.

జిమ్ముల ఎదురుగ పదడుగుల అద్దం. బరువు లేపేటప్పుడు ఎవరైనా పళ్ళు బిగిస్తరు, మూతి వంకర తిప్పుతరు. నేను మాత్రం మూసుకునే ఉంట. ఇన్ని నెలల సంది నా బలం ఎక్కడ ఆగుతున్నదో ఇయ్యాల తెలిసింది. చేతులల్ల కాదు, నోటి దగ్గర.

నవంబరు 17, ఆదివారం

రాత్రి కోడి రామ్మూర్తి నాయుడు గురించి చదివిన. శ్రీకాకుళం దిక్కు వీరఘట్టం ఆయనది. ఛాతీకి ఇనుపగొలుసు చుట్టించుకొని, గుండెల నిండ గాలి పీల్చి, ఆ గాలితోనే గొలుసు తెంపెటోడంట. రెండు దిక్కుల రెండు కార్లు కట్టి నడిపిస్తే కదలనియ్యకపోయెటోడంట. సర్కస్ నడిపిండు, దేశాలు తిరిగిండు, 1942ల కాలం చేసిండు. ఆయన కాలంల ఈ మిషిన్లు ఏడున్నయి? దండీలు, బస్కీలు, కుస్తీ. అన్నిటి కింద ఉన్నది ఊపిరే.

కోచ్ అన్న చెప్పేది గూడ అదే. పొట్ట నిండ గాలి తీసుకొని, బిగబట్టి, రాడ్ దించాలె. పైకి నెట్టి గండం దాటినంక నోటితోని వదలాలె. గాలి బిగబడితే నడుము చుట్టు దట్టీ కట్టినట్టుంటది. వదలకుంట అట్లనే ఉంటే కళ్ళు బైర్లు కమ్ముతయి.

రూముల తలుపేసుకొని, ఒట్టి చేతులతోని ఇరవైసార్లు చేసిన.

నవంబరు 26, మంగళవారం

డిండి దిక్కు తండా నుంచి ఒక తమ్ముడు కొత్తగ చేరిండు. డిగ్రీ అయింది, కానిస్టేబుల్ కొలువు కావాలె. వచ్చిన కాడికెళ్ళి ఛాతీ, బైసెప్స్, మళ్ళ ఛాతీ. ఇక్కడ సగంమంది అంతే, అద్దంల కనబడే కండకే చాకిరీ చేస్తరు. లెగ్ డే వస్తే చుట్టాలింట్ల పెళ్ళి ఉన్నదంటరు.

కూచోబెట్టి చెప్పిన. 2022 నోటిఫికేషన్ల మగపిల్లలకు పెట్టింది ఏంది? 1600 మీటర్లు ఏడు నిమిషాల పదిహేను సెకన్లల్ల ఉరకాలె. నాలుగు మీటర్లు దుంకాలె. 7.26 కిలోల గుండు ఆరు మీటర్లు విసరాలె. మూడింట్ల రెండు ఒట్టి కాళ్ళ పనే. మూడోది చేతుల పని అనుకుంటరు గని, గుండు గూడ నేల నుంచి లేస్తది. మడమ తిరగాలె, తొడ తోయాలె, నడుము తిప్పాలె, చెయ్యి అన్నిటికంటే ఆఖరున అందుకునేది. చెయ్యితోనే విసిరితే నాలుగు మీటర్ల కాడ పడుతది.

"అయితే బస్కీలు నేర్పు అన్నా" అన్నడు. నా పక్కనే స్క్వాట్ మొదలుపెట్టిండు. కిందికి దిగేటప్పుడు ఆ పిలగాని మడమలు లేస్తున్నయి. వారం దాకా ఒట్టి రాడే.

డిసెంబరు 5, గురువారం

నేను పనిచేసే ఎరువుల దుకాణానికి యాసంగి యూరియా లారీ వచ్చింది. హమాలీలు ఇద్దరే దొరికిన్రు, సేటు నన్ను గూడ చెయ్యి కలపమన్నడు. బస్తా 45 కిలోలు. 2018 దాకా 50 ఉండె. నిరుడు ఇదే పనికి మూడు రోజులు నడుము పట్టేసింది. ఇయ్యాల తుంటి వెనక్కి తోసి, వెన్ను నిటారుగ పెట్టి, బస్తాను పొట్టకు ఆనించుకొని కాళ్ళతోని లేచిన. నలభై బస్తాలు. రాత్రి పదకొండు అయింది, నడుముల ఏం నొప్పి లేదు.

ఒకటి చూసిన. పెద్ద హమాలీ బస్తాను భుజానికి వేసుకునే క్షణంల "హుఁ" అని నోరంత తెరిచి గాలి వదులుతడు. ఆయనకు ఏ కోచ్ చెప్పిండు?

డిసెంబరు 9, సోమవారం

లాకర్ల దగ్గర ఒకడు చిన్న సీసా చూపించి, సెట్టుకు ముందు పొడుచుకుంటే డబుల్ కొట్టొచ్చు అన్నడు. మెఫెంటర్మిన్. ఆపరేషన్ బల్ల మీద బీపీ పడిపోతే డాక్టర్లు ఇచ్చే మందు అది. ఉన్న గుండెను కొరడాతోని ఉరికించుడే, కండ రాదు, బలం రాదు. హైదరాబాదుల జిమ్ములకు దీన్ని దొంగతనంగ అమ్మేటోళ్ళను పోలీసులు పట్టుకున్నరు కూడ. వద్దన్న. తండా తమ్మున్ని గూడ పక్కకు తీసుకపోయి చెప్పిన, కోపంగనే చెప్పిన. ఇంకోటి గూడ చెప్పిన: స్టెరాయిడ్ సూదులు బయట నుంచి హార్మోన్ పోస్తే ఒంట్ల తయారయ్యేది ఆగిపోతది. వృషణాలు కుంచించుకపోతయి, రేపు పిల్లలు పుట్టకపోవచ్చు. మగతనం కోసమని ఆ సూదులు పొడుచుకునుడు చూస్తే కడుపుల దేవినట్టయితది.

డబ్బా పౌడర్లు గూడ వద్దన్నట్టే చెప్పింది తార్నాకల ఉన్న జాతీయ పోషకాహార సంస్థ, 2024 మే నెల సూచనలల్ల. వాళ్ళ లెక్క మామూలు మనిషికి కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రొటీన్. నా 60 కిలోలకు యాభై గ్రాములు. బరువులు లేపేటోన్ని కాబట్టి ఇంకొంచెం ఎక్కువే తింట. నాలుగు గుడ్లు ఇరవై నాలుగు. గుప్పెడు పల్లీలు, పొద్దున శనగ గుడాలు, రాత్రి జొన్నరొట్టెల పప్పు, గిన్నెడు పెరుగు. ఆదివారం కోడికూర. సరిపోతది.

డిసెంబరు 15, ఆదివారం

చింతపల్లి మీదుగ ఊరికి పోయిన. నాయిన అరుగు మీద కూచున్నడు. పక్క నుంచి పిలిస్తే మెడ తిరగలేదు. మనిషే తిరిగిండు, భుజాలు, నడుము, మోకాళ్ళు అన్నీ ఒక్కసారే, తలుపు రెక్క తిరిగినట్టు.

ఆయన బావులు తవ్వినోడు. బండరాళ్ళ తట్ట నెత్తిన పెట్టుకొని బావి మెట్లు ఎక్కుతుంటే చూడటానికి మనుషులు నిలబడెటోళ్ళని అమ్మ చెప్తది. ఈ మధ్య నాకొకటి తెలిసొచ్చి నిద్ర పట్టలేదు. కష్టపడు, నీళ్ళు బాగ తాగు అని జిమ్ముల గోడ మీద రాసి ఉంటది. నాయిన అదే చేసిండు. నీడల కూచున్నోని కంటే ఎండల బావి తవ్వెటోడు రెండింతలు, మూడింతలు తాగుతడు. ఫ్లోరైడ్ ఆ నీళ్ళల్లనే ఉన్నది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటొద్దు, మా బోర్లల్ల అంతకు ఎన్నో రెట్లు. ఎవరు ఎక్కువ చెమటోడిస్తే వాళ్ళ ఒంట్లకు అంత ఎక్కువ దిగింది. మా ఊర్ల ముందుగాల వంగిపోయింది గట్టి మనుషులే. ఎముక ఎక్స్‌రేల తెల్లగ, దిట్టంగ కనబడుతది. కీళ్ళ కాడ మాత్రం బిగుసుకపోతది.

పటిక, సున్నం కలిపి నీళ్ళల్ల ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి నాగపూర్ నీరీ వాళ్ళు కనిపెడితే, దానికి ప్రపంచమంత నల్లగొండ పేరే నిలిచిపోయింది. ఇప్పుడు ఇంటింటికి నల్లాలల్ల కృష్ణ నీళ్ళు వస్తున్నయి. మా అక్క పిల్లల పళ్ళు తెల్లగ ఉన్నయి. నాయిన మెడకు మాత్రం ఆ నీళ్ళు ఆలస్యంగ వచ్చినయి.

"ఎంత లేపుతున్నవ్ బిడ్డా?" అని అడిగిండు.

"డెబ్బై, నాయినా."

"ఏడికి మోస్తవ్?"

"ఏడికీ మొయ్య. లేపి అక్కడనే పెడ్త."

కొద్దిసేపు ఆలోచించిండు. తన చేతికర్ర నా చేతికిచ్చి ఎట్ల వంగుతవో చూపియ్యమన్నడు. వాకిట్ల నిలబడి డెడ్‌లిఫ్ట్ లెక్క వంగిన. వెనుక నుంచి అరచెయ్యి నా నడుము మీద పెట్టిండు, బావి గోడకు తూకం చూసినట్టు. వెన్ను పొడుగునా పైనుంచి కిందికి, కిందినుంచి పైకి. "మంచిగున్నది. ఇట్లనే ఉంచుకో" అన్నడు. ఆ చెయ్యి చానాసేపు తియ్యలేదు.

2025 జనవరి 5, ఆదివారం

తండా తమ్ముడు, నేను దేవరకొండ ఖిల్లా ఎక్కినం. రేచర్ల పద్మనాయకుల కోట, కొండల మీద కొండలు. జిమ్ముల ఎంత చేసినా ఈ రాళ్ళ మెట్లు వేరే లెక్క. పైకి పోయినంక పిలగాడు ఊర్లన్నీ చూపించుకుంట ఏదో అన్నడు, ఫక్కున నవ్విన. చెయ్యి అడ్డం పెట్టుకున్ననా లేదా దిగేటప్పుడు యాదికొచ్చింది. పెట్టుకోలేదు.

జనవరి 28, మంగళవారం

అంశాల స్వామి పోయి ఇయ్యాలటికి రెండేండ్లు. శివన్నగూడెం ఆయనది, మాకు దగ్గరి ఊరే. 2003ల ఢిల్లీల ప్రధాని వాజ్‌పేయి ముందు ఆయన్ని బల్ల మీద పడుకోబెట్టి, మా నీళ్ళు మనిషిని ఇట్ల చేస్తయని చూపించిన్రు. ఎదగని ఒళ్ళు, వంకరపోయిన కాళ్ళు, చేతులు. దాచుకోవాల్సిన ఒళ్ళని లోకం అనుకునే దాన్నే తీసుకపోయి దేశం ముందు పెట్టిండు. నేను పుట్టిన 1996ల నల్లగొండ పార్లమెంటు ఎన్నికల్ల 480 మంది నిలబడ్డరు, నీళ్ళ గోస వినబడాలని. బ్యాలెట్ పుస్తకమంత అచ్చేయాల్సొచ్చింది.

పళ్ళ మీద నాలుగు చారలకు నేను పదేండ్లు నోరు మూసుకున్న. స్వామి ముందు నిలబడి ఈ మాట చెప్పగలనా? చెప్పలేను.

ఫిబ్రవరి 3, సోమవారం

బెంచ్ 50 కిలోలు. తండా తమ్ముడు తల దగ్గర నిలబడి రాడ్ కింద చేతులు పెట్టిండు. ఐదో రెప్పు సగంల ఆగింది. గాలి అట్లనే బిగబట్టి, పాదాలు నేలకు తన్ని నెట్టిన. గండం దాటినంక నోరంత తెరిచి వదిలిన. "హుఁ" అని జిమ్మంత వినబడేటట్టు వచ్చింది. అద్దంల పళ్ళు కనబడ్డయి. పిలగాడు నా పళ్ళు చూడలేదు, రాడ్ చూస్తున్నడు. "ఇంకొకటి కొట్టు అన్నా" అన్నడు. కొట్టిన.

అమ్మ ఫోన్ చేసింది, ఆదివారం కొండమల్లేపల్లిల పెళ్ళిచూపులున్నయంట. వస్త అన్న.

బెంచ్ 50: ఐదు, ఐదు, ఆరు. రేపు లెగ్స్.