కాన్సస్ జొన్నకు దిక్కుంది

మా బత్తలపల్లెలో అమెరికా అంటే ఒక మనిషి. వానికి కోపమొస్తుంది, జాలి కలుగుతుంది, ఒక్కోసారి పొగరెక్కుతుంది. 2025 ఆగస్టులో మన సరుకుల మీద సుంకం 50 శాతానికి చేరినప్పుడు మా చిన్నాయన ఫోన్ చేసి, "ఏమప్పా, మీ అమెరికావోనికి మన మీద అంత కోపమెందుకు? మనమేం చేసినాం వానికి?" అన్నాడు. టీకొట్టు దగ్గర పంచాయితీ తేలక తీర్పు కోసం నన్ను పిలిచినాడని గొంతును బట్టే తెలిసిపోయింది. తీర్పు చెప్పాలంటే ముందు ఆ మనిషిని విడగొట్టాలి. అట్లాంటి మనిషి ఒకడు లేడు.

నేనుండేది కాన్సస్ రాష్ట్రంలోని విచిటాలో. ఊరు దాటి పడమటికి కారులో పోతే గంటల తరబడి గోధుమ చేలు, జొన్న చేలు. ప్రతి చిన్న ఊరికీ గుడి గోపురంలాగా దూరం నుంచే కనిపించే కాంక్రీటు ధాన్యాగారం. అమెరికాలో జొన్న ఎక్కువగా పండేది ఈ రాష్ట్రంలోనే. మా అవ్వ కాలంలో మా చేలల్లో ఉన్న జొన్న, నాయన కాలానికి శెనక్కాయకు చోటిచ్చి తప్పుకుంది. ఇక్కడేమో కనుచూపు మేరా అదే. వీళ్లు దాన్ని తినేది తక్కువ. పశువుల దాణాకు, ఇథనాల్‌కు పోగా మిగిలింది ఓడలెక్కాలి. అందుకే ఈ ఊళ్లలో రైతులు విదేశాంగ విధానాన్ని ధరల పట్టికలో చదువుతారు. 2018 ఏప్రిల్‌లో వాణిజ్య తగాదాలో చైనా అమెరికా జొన్న మీద 178.6 శాతం డిపాజిట్ కట్టమంది. దాన్ని నెల రోజులకే ఎత్తేసింది గానీ, సముద్రంలో ఉన్న ఓడలు ఆలోపే దారి మళ్లాయి.

ఈ ధాన్యాగారాలకూ మా ఊరికీ సంబంధం పాతది. 1950 డిసెంబరులో నెహ్రూ ప్రభుత్వం అమెరికాను ఇరవై లక్షల టన్నుల ధాన్యం అడిగింది. అప్పుడు కొరియా యుద్ధం నడుస్తోంది. ఆ విషయంలో నెహ్రూ తమ వెంట నడవలేదని అమెరికా కాంగ్రెస్‌లో కొందరికి మంట. ఆకలిగొన్నవాణ్ణి ఏ పక్షమని అడుగుతామా అని ఇంకొందరి వాదన. నెలల తరబడి లాగి, 1951 జూన్‌లో 19 కోట్ల డాలర్ల అప్పుగా ఇచ్చారు.

మూడేళ్లు గడిచేసరికి కథ తిరగబడింది. మద్దతు ధరల వల్ల గోధుమ గుట్టలు పడింది, పెట్టడానికి చోటు లేదు. 1953లో కాన్సస్ వాయవ్య మూలనున్న షయాన్ కౌంటీలో రైతు సంఘం సమావేశం జరిగితే పీటర్ ఓబ్రయన్ అనే రైతు లేచి, ఈ మిగులును తిండి లేని దేశాలకు వాళ్ల డబ్బుకే అమ్మొచ్చు కదా అన్నాడు. ఈ రాష్ట్ర సెనేటర్ ఆండ్రూ షెప్పెల్ దాన్ని అందుకున్నాడు. 1954 జూలై 10న సంతకం పెట్టిన అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ పెరిగింది కూడా కాన్సస్‌లోని ఆబిలీన్‌లోనే. మన పెద్దలు పీఎల్-480 అని పిలిచిన చట్టం అదే. మిగులు వదిలించుకోవడం, కొత్త అంగళ్లు వెతుక్కోవడం దాని ఉద్దేశాలని చట్టంలో దాపరికం లేకుండా రాసుకున్నారు. దానికి 'శాంతి కోసం ఆహారం' అనే పేరు స్థిరపడింది తర్వాత, కెనడీ కాలంలో.

మా అమ్మకు మాత్రం అది బడిలో గోధుమరవ్వ ఉప్మా. కేర్ సంస్థ పంపిన రవ్వ, డబ్బాల నూనె, పసుపుపచ్చని పిండి. "ఉప్మా గంట కోసమే బడికి పోయేటోళ్లం" అంటుంది ఇప్పటికీ. సంచుల మీద కలుపుకున్న రెండు చేతుల బొమ్మ ఉండేది. ఒక చెయ్యి అమెరికాది, ఒకటి మనది అని పంతులు చెప్పేవాడట. షయాన్ కౌంటీ రైతు చెయ్యి ఆ బొమ్మలో ఎక్కడుందో పంతులుకు తెలిసే వీల్లేదు.

1965, 66లలో వరుసగా వానలు తప్పాయి. 66లో మన దేశం దిగుమతి చేసుకున్న తిండిగింజలు దాదాపు కోటి టన్నులు. అదే సమయంలో అధ్యక్షుడు జాన్సన్ గోధుమను కొద్దికొద్దిగా, నెల తర్వాత నెల లెక్క చూసి వదిలేవాడు. వియత్నాం మీద బాంబులు ఆపమని ఇందిరా గాంధీ అన్నందుకు కక్ష తీర్చుకున్నాడని మన ఇళ్లలో చెప్పుకుంటారు. అందులో నిజముంది. ఇండియా సేద్యానికి ఖర్చు పెంచాలన్న పట్టుదల కూడా ఉంది. 1965 నవంబరులో రోమ్‌లో మన వ్యవసాయ మంత్రి సి.సుబ్రహ్మణ్యం, అమెరికా మంత్రి ఆర్విల్ ఫ్రీమన్ ఒప్పందం చేసుకున్నది దాని గురించే. మన కథల్లోకి రానిది మూడోది. యుద్ధం ఖర్చు పెరుగుతోంది, విదేశీ సాయమంటే కాంగ్రెస్ మూతి ముడుస్తోంది, గోధుమ నిల్వలు కూడా తరుగుతున్నాయి. నింద ఒక్కడే మోయడం జాన్సన్‌కు ఇష్టం లేదు. 1966 ఏప్రిల్‌లో కాంగ్రెస్ చేత తీర్మానం చేయించుకున్నాడు. ఆ డిసెంబరులో కరువు ఎంతుందో చూసి రమ్మని చట్టసభల సభ్యులను ఇండియాకు పంపాడు. వాళ్లలో ఒకరు కాన్సస్ ప్రతినిధి బాబ్ డోల్. 1967 ఏప్రిల్‌లో ఇంకో తీర్మానం వచ్చింది. ఎండింది మన చేలు, లెక్క తేలాల్సింది వాషింగ్టన్ సభలో.

గోధుమకు మనం కట్టిన రూపాయలు ఇండియాలోనే పేరుకుపోయాయి. 1974లో అమెరికా రాయబారి మొయినిహాన్ అందులో 1,664 కోట్లకు చెక్కు రాసి మన ప్రభుత్వానికి తిరిగిచ్చాడు. అంతకు ముందే, 1962 నుంచి, ఆ రూపాయల్లో కొన్నిటితో అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం భారతీయ భాషల పుస్తకాలు కొని ఇక్కడి విశ్వవిద్యాలయాలకు పంపింది. షికాగోలో, విస్కాన్సిన్‌లో ఉన్న తెలుగు అలమరాలు చాలావరకు అట్లా నిండినవే. ఇక్కడి గ్రంథాలయం ద్వారా నేను తెప్పించుకున్న ఒక పాత తెలుగు నవల లోపలి అట్ట మీద పీఎల్-480 ముద్ర ఉంది. మా అమ్మ తిన్న ఉప్మా, నేను చదివిన నవల ఒకే పద్దు కింద వచ్చాయన్నమాట.

ఆ చట్టానికి బలం దాని వెనక నిలబడినవాళ్లు. అమెరికా ధాన్యమే కొనాలి, అందులో కనీసం సగం అమెరికా జెండా ఓడల్లోనే పోవాలని షరతు. దీనివల్ల ఖర్చు పెరుగుతుంది, తిండి ఆలస్యంగా చేరుతుంది. 2013లో ఒబామా దీన్ని మార్చి, అవసరమైన చోటికి దగ్గర్లోనే ధాన్యం కొందామన్నాడు. రైతు ప్రతినిధులు, ఓడల కంపెనీలు కలిసి అడ్డుపడితే కాంగ్రెస్ ఆ ప్రతిపాదనలో చాలా భాగాన్ని పక్కన పెట్టింది. అధ్యక్షుడి కంటే గట్టి విదేశాంగ శాఖ ఒకటి నియోజకవర్గాల్లో ఉంది.

2025లో అది ఇంకా స్పష్టంగా కనబడింది. జనవరి 20న ట్రంప్ విదేశీ సాయాన్ని ఆపేశాడు. జూలై 1కి ఆ సాయం పంచే సంస్థ యూఎస్ఎయిడ్ కథ ముగిసింది. ధాన్యం కొనుగోళ్లు ఆగగానే కాన్సస్‌లో కలకలం. ఫిబ్రవరిలోనే ఈ రాష్ట్రపు సెనేటర్ జెర్రీ మొరాన్, ప్రతినిధి ట్రేసీ మ్యాన్ 'శాంతి కోసం ఆహారం' పథకాన్ని వ్యవసాయ శాఖకు బదిలీ చేసి కాపాడాలని బిల్లు పెట్టారు. ఇద్దరూ అధ్యక్షుడి పార్టీవాళ్లే. అదే దెబ్బకు హైదరాబాద్ నారాయణగూడలోని మిత్ర్ క్లినిక్ మూతపడింది. ట్రాన్స్‌జెండర్ల కోసం 2021లో మొదలైన ఆ క్లినిక్ అమెరికా డబ్బుతోనే నడిచేది. ఇక్కడి ఎన్నికల్లో ట్రాన్స్‌జెండర్ల విషయం పెద్ద తగువు. అమెరికా పన్నుల డబ్బు పోయింది ఇలాంటివాటికే అని ఆ క్లినిక్‌ను ఎలాన్ మస్క్ ఎత్తిపొడిచాడు. జొన్నకు దిక్కుంది, క్లినిక్‌కు లేదు. తర్వాత టాటా ట్రస్ట్స్ ఆసరాతో అది సబ్రంగ్ పేరుతో మళ్లీ తెరుచుకుంది.

మా ఊరి పెద్దాసుపత్రిది వేరే దారి. స్పెయిన్ నుంచి వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురంలో మొదలుపెట్టిన ఆర్డీటీ సంస్థది అది. దాన్ని నిలబెట్టింది ఏ రాజ్యమూ కాదు, నెలనెలా కొంచెం కొంచెం పంపే వేల స్పానిష్ కుటుంబాలు. వాషింగ్టన్ తగువు దాన్ని తాకలేదు. తాకింది ఢిల్లీ. విదేశీ విరాళాల అనుమతి దగ్గర పేచీ వచ్చి, 2025లో అనంతపురం ప్రాంత జనం రోడ్డెక్కారు. ఇంట్లో వాదన బయటి సంబంధాలను శాసించడం అగ్రరాజ్యానికే చెల్లిందని అనుకోనక్కర్లేదు. సుంకాల బేరంలో పాడికి, మొక్కజొన్నకు తలుపు తెరవమంటే ఢిల్లీ బిగుసుకున్నది కూడా తన రైతు ఓటు చూసుకునే కదా.

చిన్నాయనకు నేను చెప్పింది ఇదే. కోపమా, జాలా అని అడగొద్దు. అక్కడ ఎవరికి లాభం, ఎవరికి నష్టం అని అడుగు. లూసియానాలో రొయ్యలు పట్టేవాళ్లు మన రొయ్యల మీద సుంకం కావాలని ఇరవై ఏళ్లకు పైగా అడుగుతున్నారు. అదే దేశంలో రొయ్య చవగ్గా కావాలనే హోటళ్లు, దిగుమతిదారులు ఉన్నారు. భీమవరం రైతుకు శత్రువూ అమెరికాలోనే, చుట్టమూ అమెరికాలోనే. చుట్టం ఎవరో తెలిస్తే బేరం ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది.

"అయితే మీరంతా అక్కడుండి ఏం చేస్తాండారప్పా?" అన్నాడు చిన్నాయన. సరైన ప్రశ్న. ఇక్కడ పౌరసత్వం తీసుకున్న తెలుగువాళ్లం లక్షల్లో ఉన్నాం. నాయకుడు వస్తే శాలువా కప్పుతాం, ఫొటో దిగుతాం, వీసాల సంగతి అడిగి కూర్చుంటాం. జొన్న రైతు అట్లా కాదు. పేరుపెట్టి పథకం అడుగుతాడు, బిల్లు నంబరు అడుగుతాడు, జవాబు రాకపోతే వచ్చే నెల మళ్లీ వస్తాడు. నారాయణగూడ క్లినిక్‌కు ఇక్కడ దిక్కు లేకపోయిందంటే ఓటర్లు లేక కాదు. ఉన్న తెలుగు ఓటర్లు నోరు విప్పక.