పొరుగువారి చేయూత

మొన్న మా పాప తన టీకాల కార్డు చూస్తూ, "నాన్నా, హెపటైటిస్‌-బి అంటే ఏమిటి?" అని అడిగింది. నాకు మా మేనమామ గుర్తొచ్చారు. పచ్చకామెర్లని ఊళ్ళో పసరు మందు పోయించారు. హైదరాబాదు తీసుకెళ్ళేసరికి కాలేయం పూర్తిగా పాడైపోయింది.

అప్పటికే ఈ జబ్బు రాకుండా టీకా ఉంది. కాని అది విదేశాల నుంచి రావాలి. డోసుకు వందల రూపాయలు. మాబోటి ఇళ్ళలో దాని పేరైనా తెలియదు.

దాన్ని మన దగ్గరే తయారుచేయాలని నెల్లూరు జిల్లావాసి వరప్రసాద్ రెడ్డిగారు 1993లో హైదరాబాదులో తల్లి పేరిట శాంతా బయోటెక్నిక్స్ స్థాపించారు. మన శాస్త్రవేత్తలు ఉస్మానియాలో, తర్వాత సి.సి.ఎం.బి.లో పరిశోధన చేశారు. తెలివికి కొదవ లేదు, కొరవడింది పెట్టుబడే. అప్పుడు ఆదుకున్నది ఎవరో తెలుసా? ఇక్కడ మనకు పొరుగునే ఉన్న ఒమన్ దేశపు మంత్రి యూసుఫ్ బిన్ అలవీ! 1997లో టీకా బయటికొచ్చింది, విదేశీ టీకా ధరలో చిన్న వంతుకే. 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదమూ దొరికింది.

ఇదంతా విని పాప, "మరి తాతయ్యకు ఎవరూ వేయించలేదా?" అంది. నా దగ్గర జవాబు లేదు.

దోహా నుంచి ఊరికి డబ్బు పంపేటప్పుడు గుడికీ పెళ్ళిళ్ళకూ ఇస్తాం. మనం చదివిన బడిలో సైన్సు ల్యాబుకూ కొంత ఇద్దాం. మన జబ్బులకు మందు వెతికే పిల్లలు అక్కడే ఉన్నారు.