ఫలక్‌నుమా భోజనశాల

హైదరాబాదు నగరమున చార్మినారునకు దక్షిణముగా మూడు మైళ్ళ దూరమున నొక గుట్ట కలదు. దాని నెత్తిమీదిది ఫలక్‌నుమా సౌధము. ఆకాశమునకు అద్దమని ఆ పేరునకు అర్థము చెప్పుదురు. ఇప్పుడది హోటలు. మొన్నటి మాఘమాసమున మేమును మా వదినగారును అచ్చట రాత్రి భోజనము చేయ నిశ్చయించుకొని, ప్రొద్దుండగనే చేరితిమి. క్రిందిద్వారము కడ గుఱ్ఱపుబండి నెక్కించి పైకి గొనిపోయిరి.

పైగా వంశీయుడగు నవాబు వికారుల్ ఉమ్రా 1884లో దీనికి పునాది వేయించెను. ఆయన 1893 మొదలు 1901 వరకు నైజాము రాజ్యమునకు దివాను. అంతటివానికిని ఈ యింటి వ్యయము మోయరానిదై అప్పులు పెరిగినవట. నైజామును అతిథిగా పిలిచి, నచ్చినచో ఇంటిని ఆయనకే సమర్పింపుడని భార్య ఉపాయము చెప్పినదని ప్రతీతి. ఆఱవ నైజాము మహబూబ్ అలీఖానునకు సౌధము మిగుల నచ్చెను. 1897 ప్రాంతమున అది ఆయనదాయెను.

సోదరీమణులారా, ఇచ్చట మిక్కిలి చూడదగినది పెద్ద భోజనశాల. ఒకే బల్ల; దానిచుట్టును 101 కుర్చీలు! చెక్కడపు పనిగల నల్లని చేవకఱ్ఱ కుర్చీలకు పచ్చని తోలు తొడిగినారు. పైన దీపగుచ్ఛములు వ్రేలాడుచున్నవి. బల్ల యొక కొసను గుసగుసలాడిన మాట రెండవ కొసను వినబడునట్లు ఆ శాలను కట్టిరి. మేము నమ్మలేదు. వదినగారు ఆ కొసకు నడచిపోయి, నోరు చేత మూసికొని ఏమో పలికిరి. మా చెవి ప్రక్కనే పలికినట్లు వినబడినది: "ఇన్ని పళ్ళెములు ఎవరు కడిగిరో?"

వెంటవచ్చిన చిన్నవాడు నవ్వెనే గాని బదులు చెప్పలేదు.

ఆ కాలమున ఘోషా స్త్రీలకు వేఱుగా జనానా మహలు కలదు. ఇంటిని ఋణమునుండి తప్పించిన ఆ యిల్లాలు ఈ బల్లయొద్ద పురుషుల సరసను కూర్చుండి యుండదు. పిదప సౌధము చిరకాలము మూతవడి దుమ్ముకొట్టుకొని యుండగా, పదియేండ్లు బాగుచేయించి, 2010లో హోటలుగా తెఱచిరి. ఆ పనికి పెద్దదిక్కయి నిలిచినదియు ఒక స్త్రీయే. ఏడవ నైజాము మనుమని తొలిభార్య యస్రా రాణి. 2017 నవంబరులో ప్రధానమంత్రి విందొసగినప్పుడు, అమెరికా అధ్యక్షుని కుమార్తె ఈ బల్లయొద్దనే భుజించినది.

మాకు మాత్రము భోజనము అదా యను వేఱొక శాలలో. బగారా బైంగను వడ్డించిరి. వేరుసెనగ, నువ్వులు, చింతపండు కలిపిన పులుసులో లేత వంకాయలు; మన గుత్తివంకాయకు దగ్గఱి చుట్టము. రుచి దొడ్డదే గాని, ధర విన్నచో సగమాకలి అక్కడనే తీఱును. మేము మఱల వేయించుకొంటిమి.

బండిలో దిగుచుండగా నగరదీపములన్నియు క్రింద పఱచినట్లుండెను. వదినగారు వానివైపు చూడనే లేదు. ఇంట నానవేసి వచ్చిన మినపపప్పు పులిసిపోవునేమో యని త్వరపడుచుండిరి.