అసల్, నకల్

మొన్న సెలవుల్లో పిల్లల్ని తీసుకుని అరకు వెళ్లొచ్చాం. రైలు సొరంగంలోకి దూరినప్పుడల్లా మా చిన్నది వేళ్లు మడిచి లెక్కపెట్టింది. ఇంటికొచ్చాక కంప్యూటర్‌లో ఇంక్‌స్కేప్ తెరిచి కూచుంది. తను తయారుచేస్తున్న గేమ్‌కి ఒక నక్షా కావాలట. "అరకునే నా ఖయాలీ దునియా చేస్తా అబ్బా" అంది.

పక్కన కూచుని చూశాను. ఇంక్‌స్కేప్ ముఫ్త్‌గా దొరికే సాఫ్ట్‌వేర్. ఫోటోలోలాగా ఇందులో బొమ్మ రంగు చుక్కలతో ఉండదు. బిందువులూ, వాటిని కలిపే లకీర్లూ, అంతే. ఎంత పెద్దది చేసినా మసకబారదు. గోస్తనీ నదిని అనంతగిరి కొండల్లోంచి వంపులు తిప్పుతూ దించింది. ఒక్క కొండ గీసి, దానికి క్లోన్లు తీసి వరసగా పేర్చింది. అసల్‌లో ఏది మార్చినా నకళ్లన్నీ వాటంతటవే మారతాయి. బొర్రా గుహల్లో డ్రాగన్‌ని పెట్టింది. మాషా అల్లాహ్ అని నవ్వాను.

తర్వాత కొండల మీద ఎర్రటి పుర్రెలు మొలిచాయి.

"ఇవేంటి బేటీ?"

"జంగ్లీ తెగలు అబ్బా. దుష్మన్లు."

మనసు చివుక్కుమంది. మా అబ్బా ఆ కొండల్లో సంతలు తిరిగి బట్టలమ్మేవారు. ఒక వానరాత్రి దారి మూసుకుపోతే ఒక గిరిజనుల ఇంట్లో తలదాచుకున్నారు. ముక్కూ మొహం తెలియకపోయినా ఆ ఇంటి ముసలమ్మ నమాజ్‌కి చోటు ఊడ్చి చాప పరిచిందట. పోయేదాకా ఆమెని దువాలో తలుచుకునేవారు.

ఆ సంగతి చెప్పాను. "ఆటన్నాక దుష్మన్ ఉండాలిగా" అంది. నిజమే.

"వాళ్లు దుష్మన్లని ఎవర్నడిగి వేశావు?" అన్నాను. అల్ ఇద్రీసీ గురించి చెప్పాను. సిసిలీ రాజు రోజర్ దర్బారులో సుమారు 15 ఏళ్లు మెహనత్ చేసి, 1154లో దునియా నక్షా పూర్తి చేశాడాయన. ముసాఫిర్లను అడిగి, వాళ్ల మాటలు ఒకదానితో ఒకటి సరిచూసుకున్నాకే లకీర్ గీసేవాడు. "మన మొహల్లాలో ఎన్నడూ అడుగుపెట్టనివాడు దాని మీద ఇలాగే పుర్రె వేస్తే?"

పిల్ల మాట్లాడలేదు. కాసేపటికి, "మరి ఆ కొండలకు నిజంగా దుష్మన్లే లేరా?" అంది.

బొర్రా దగ్గర గిరిజన ప్రాంతంలో ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులిచ్చిన సంగతి చెప్పాను. సమత అనే సంస్థ కోర్టుకెళ్లింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో సర్కారీ జమీన్ అయినా సరే, ప్రైవేటు గనులకు లీజుకివ్వడం చెల్లదని 1997లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది.

"అంటే బయటినుంచి వచ్చినవాళ్లా?"

"మనమూ బయటివాళ్లమే బేటీ. మెహమాన్‌లా వెళ్లామా, మాలిక్‌లా వెళ్లామా అన్నదే ఫరక్."

మగ్రిబ్ చదివి వచ్చి చూస్తే, అసల్ పుర్రె లకీర్లనే మార్చి పెంకుటిల్లుగా గీస్తోంది. ఆ ఒక్క ఇల్లు పూర్తయ్యేసరికి కొండల మీది పుర్రెలన్నీ ఇళ్లయ్యాయి. నక్షా అంచున మాత్రం ఒక రాజు పలుగు పట్టుకుని నిలబడ్డాడు.

ఊళ్లకు పేర్లు ఇంకా రాయలేదు. "ఈసారి వెళ్లినప్పుడు అక్కడివాళ్లనే అడిగి రాస్తా అబ్బా" అంది.

ఇన్షా అల్లాహ్.